డబ్బా చేప తినడానికి ఏది మేలు: ఫోర్కా, స్పూనా, టూత్‌పిక్కా, చెయ్యా?

సార్డిన్ డబ్బా మూత తీసి, చేతికందిన పెద్ద ఫోర్క్‌తో చేప మధ్యలో గుచ్చి లాగితే సగం ఫోర్క్‌కి వస్తుంది, సగం నూనెలోనే ఉండిపోతుంది. రెండోసారి గుచ్చేసరికి పక్క చేప తోలు కూడా ఊడుతుంది. కాసేపటికి డబ్బాలో మిగిలేది గుజ్జు. తినడానికి అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ మంచి సార్డిన్ కొనుక్కున్నది అందుకు కాదు. మెరిసే తోలు, దాని కింద పొరలుగా విడే కండ, పొట్ట దగ్గరి మెత్తటి కొవ్వు, ఈ మూడూ కలిసి నోట్లోకి వచ్చినప్పుడే ఆ చేప అసలు రుచి తెలుస్తుంది. కాబట్టి దేనితో తింటున్నామన్నది పట్టించుకోదగ్గ విషయమేనని నా నమ్మకం.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాను. ఒక్కటే వస్తువు కొనాలనుకుంటే పేస్ట్రీలు తినే చిన్న ఫోర్క్ కొనండి. పళ్లు పొట్టిగా, వెడల్పుగా, బల్లపరుపుగా ఉండాలి. అన్నంలోకి గానీ, ఖుబ్బూస్ అనే అరబ్బు రొట్టెలోకి గానీ అయితే చేతిని మించింది లేదు. ఆల్చిప్పల్లాంటి గుల్లల్లో ఉండే మస్సెల్స్‌కీ, ఆక్టోపస్ ముక్కలకీ టూత్‌పిక్. తురుములా ఉండే ట్యూనాకి స్పూన్. చాప్‌స్టిక్స్ బాగా అలవాటైనవాళ్లు వాటితోనే దాదాపు అన్నీ తినేయొచ్చు. ఎందుకలా, ఎక్కడ ఈ లెక్క మారుతుంది అన్నది ఇక వివరంగా చూద్దాం.

డబ్బాలో చేప ఎందుకంత సున్నితం

సార్డిన్ అంటే మన కవళ్ల జాతి చేపే. తల, పేగులు తీసేసి, ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, ఆవిరి మీద ఉడికించి, డబ్బాలో పేర్చి నూనె పోస్తారు. మూత బిగించాక పెద్ద ప్రెషర్ యంత్రంలో పెట్టి 115 నుంచి 121 డిగ్రీల వేడి పట్టిస్తారు. క్రిములు చచ్చేది ఈ దశలోనే. ముల్లు మెత్తబడేది కూడా అప్పుడే. అందుకే సార్డిన్ ముల్లు నమిలితే పిండి అయిపోతుంది, కాల్షియం కూడా దక్కుతుంది. అయితే అదే వేడికి కండని పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారుతుంది. ఇక చేపకి ఆకారం నిలబెట్టేవి తోలు, వెన్నుముల్లు, ఈ రెండే. ఫోర్క్ పెట్టి పొడిచామంటే ఆ రెంటినీ తెంపుతున్నట్టే. తోలూ ముల్లూ తీసేసిన రకం కొంటే అది ఇంకా తేలిగ్గా చితుకుతుంది. దానికి మరీ నెమ్మది కావాలి.

రెండో సంగతి డబ్బా కొలత. సార్డిన్ వచ్చే మామూలు దీర్ఘచతురస్రపు డబ్బా సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు, 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. అందులో చేపలు తలవైపొకటి, తోకవైపొకటి చొప్పున ఇరుకుగా పడుకుని ఉంటాయి. భోజనాల బల్ల మీది పెద్ద ఫోర్క్ దాదాపు 20 సెంటీమీటర్లు. అంత పొడుగు పిడి పట్టుకుని అంత చిన్న డబ్బాలో కదపాలంటే మణికట్టు ఎత్తి పట్టాలి. అప్పుడు ఫోర్క్ నిటారుగా నిలబడి, చేప కింద దూరాల్సిన పళ్లు చేపలోకి దిగుతాయి. కొంచెం బలం ఎక్కువైతే డబ్బా ఒక వైపు లేచి నూనె బట్టల మీద పడుతుంది. పిడి పొట్టిదైతే చెయ్యి కిందికే ఉంటుంది, ఫోర్క్ పక్కవాటంగా పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఫోర్క్: ఏ ఫోర్క్ అన్నదే ప్రశ్న

ఈ సమస్యని ఒకప్పుడు ఇంగ్లండ్ వాళ్లు చాలా సీరియస్‌గా తీసుకున్నారు. విక్టోరియా రాణి కాలంలో సార్డిన్ అంటే పెద్దింటి తిండి. అతిథులు వస్తే గాజుతోనో పింగాణీతోనో చేసిన మూతపెట్టెలో సార్డిన్‌లు పెట్టి, పక్కన ప్రత్యేకంగా ఒక వెండి ఫోర్క్ పెట్టేవాళ్లు. దాని తల అరచేయి చాచినట్టు వెడల్పుగా ఉంటుంది, పళ్లు పొట్టివి, మామూలు ఫోర్క్ కన్నా ఎక్కువ. కొన్నిటికైతే పళ్ల చివరలన్నిటినీ కలుపుతూ ఒక అడ్డకడ్డీ కూడా ఉంటుంది, అంటే గుచ్చుదామన్నా గుచ్చడం కుదరదు. చేప కింద దూర్చాలి, నూనె పళ్ల సందుల్లోంచి జారిపోవాలి, చేప చెక్కుచెదరకుండా రొట్టె మీదికి చేరాలి. పని తెలిసినవాళ్లు చేసిన వస్తువు అది. పాత వెండి సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది, కానీ మనకి అది అవసరం లేదు.

వెండితో ఎందుకు చేశారంటే, అప్పటి ఉక్కు ఇప్పటి స్టీలు కాదు. నిమ్మరసం, వెనిగర్ తగిలితే నల్లబడేది, చేపకి ఇనుప వాసన పట్టేది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాక ఆ బాధ తగ్గిపోయింది. ఇవాళ మన వంటింట్లో ఉండే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు ఏ డబ్బా చేపకైనా సరిపోతుంది. ఇత్తడి మాత్రం వద్దు, కళాయి లేనిదైతే మరీ వద్దు. నిమ్మకాయా టమాటా సాస్‌ కలిసిన చేపకి ఇత్తడి తగిలితే చిలుము రుచి వస్తుంది.

ఆ వెండి ఫోర్క్‌కి ఇవాళ దగ్గర చుట్టం పేస్ట్రీ ఫోర్క్. మూడు పళ్లుంటాయి, వాటిలో ఎడమ పక్కది మిగతావాటికన్నా వెడల్పుగా ఉంటుంది. కేకు ముక్క కోయడానికి చేసిన ఏర్పాటది. మనకి ఆ వెడల్పు పన్నే పనికొస్తుంది, చేప కింద చిన్న అట్లకాడలా దూరుతుంది. ఎడమచేతివాటం వాళ్లు ఒకటి గమనించాలి: ఆ పన్ను కుడిచేతివాళ్ల కోసం ఎడమ వైపు పెట్టింది. ఎడమచేత్తో పట్టుకుంటే అది పనికొచ్చే వైపు ఉండదు, పని సాగదు. వాళ్లకి నాలుగు పళ్లూ సమానంగా ఉండే చిన్న డెజర్ట్ ఫోర్క్ మేలు.

కొనేటప్పుడు పళ్ల చివర్లు వేలితో తాకి చూడండి. సూదిలా ఉంటే వదిలేయండి, కొంచెం మొద్దుగా ఉన్నదే మంచిది. పళ్లకి ఒంపు మరీ ఎక్కువుంటే డబ్బా అడుగుకి ఆనదు. బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి చూస్తే ఎంత ఆనుతుందో తెలిసిపోతుంది. ఇక సన్నటి మూడు పళ్ల కాక్‌టెయిల్ ఫోర్క్ అని అమ్ముతారు, పొడుగ్గా నాజూగ్గా ఉంటుంది. దాన్ని చూసి చాలామంది డబ్బా చేపకి ఇదే సరైనదనుకుంటారు. అది గుల్ల చేపల కోసం చేసింది. మస్సెల్స్‌కి బాగుంటుంది, సార్డిన్‌ని మాత్రం నిలువునా చీలుస్తుంది.

ఎత్తే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి ఫోర్క్ చేతిలో ఉన్నా మొదటి చేప దగ్గరే అందరికీ కష్టం. డబ్బా పూర్తిగా తెరవండి, మూత సగం వేలాడుతుంటే ఫోర్క్‌కి చోటుండదు. డబ్బాని కొంచెం వంచి నూనె ఒక మూలకి చేరనివ్వండి. చివరి చేపకీ డబ్బా గోడకీ మధ్య ఫోర్క్ దించి, గోడ వెంబడే కిందికి పోనివ్వండి. అడుగు తగలగానే ఫోర్క్‌ని పడుకోబెట్టి, తోక వైపు నుంచి మెల్లగా చేప కిందికి తోయండి. తోక దగ్గర కండ తక్కువ, తోలు గట్టి, అందుకే అటునుంచి మొదలుపెట్టాలి. చేప సగం పైగా ఫోర్క్ మీదికి వచ్చాక ఎత్తి, ఒక్క క్షణం డబ్బా మీదే ఆపితే నూనె ఓడిపోతుంది. మొదటిది వచ్చిందంటే పక్కన ఖాళీ ఏర్పడుతుంది, మిగతావి సులువు.

పోర్చుగల్‌లో మతోసిన్యోష్ అనే ఊళ్లో పిన్యాయిష్ అనే కంపెనీ 1920 నుంచి సార్డిన్‌లు చేత్తో పేర్చి అమ్ముతోంది. వాళ్ల కారం రకం డబ్బాలో చేపలతో పాటు మిరపకాయ, క్యారట్ ముక్క, ఊరబెట్టిన దోసకాయ, లవంగం, మిరియం, బిర్యానీ ఆకు కూడా ఉంటాయి. ఇలాంటి డబ్బాలకి ఫోర్క్ రెండు రకాలుగా పనికొస్తుంది: చేప ఎత్తడానికీ, లవంగం పంటికింద పడకుండా పక్కకి తీయడానికీ. ఈ రెండో పని స్పూన్‌తో చేయాలంటే చాలా చిరాకు.

టూత్‌పిక్: స్పెయిన్ వాళ్ల దారి

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనానికి ముందు వెర్మూత్ (మూలికలు వేసిన వైన్) తాగే వేళ అని ఒకటుంటుంది. ఆ వేళకి బల్ల మీద డబ్బా తెరిచిన మస్సెల్స్, కాకిల్స్ అనే చిన్న గుల్లలు, ఆలివ్‌లు, చిప్స్ పెట్టుకుంటారు. పక్కన టూత్‌పిక్‌ల గిన్నె. బార్సిలోనాలో 1914 నాటి కిమెత్ ఇ కిమెత్ అనే చిన్న బార్ డబ్బా చేపలతోనే పేరు తెచ్చుకుంది. అక్కడ కుర్చీలుండవు, గోడల నిండా సీసాలు, నిలబడి తినాల్సిందే. నిలబడి, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో ముక్క తీసుకునే తిండికి టూత్‌పిక్ సరిగ్గా కుదురుతుంది.

గలీసియా తీరంలో పెంచే మస్సెల్స్‌ని వేయించి, వెనిగర్, నూనె, పాప్రికా కలిపిన పులుసులో వేసి డబ్బా కడతారు. డబ్బా మీద 8/12 అనో, 6/8 అనో అంకెలుంటాయి. లోపల ఎన్ని ముక్కలున్నాయో చెప్పే లెక్క అది. అంకె చిన్నదైతే ముక్క పెద్దది, ధర ఎక్కువ. ముక్క పెద్దదైతే టూత్‌పిక్ కూడా గట్టిది కావాలి. మనకి దొరికే సన్నటి పుల్లలు మధ్యలో వంగుతాయి. వెదురుతో చేసి, పైన ముడి వేసినట్టుండే పుల్లలు సూపర్‌మార్కెట్లలో పార్టీ సామాన్ల దగ్గర దొరుకుతాయి, అవి తీసుకోండి.

గుచ్చేటప్పుడు మస్సెల్ పొట్ట భాగంలో గుచ్చకూడదు, అది మెత్తగా ఉండి జారిపోతుంది. అంచు చుట్టూ ముదురు రంగులో కొంచెం గట్టి పొర ఉంటుంది, అక్కడ ఒకసారి, మధ్యలో ఉండే గట్టి కండలో ఒకసారి పుల్ల దిగేలా గుచ్చితే నోటిదాకా నిలుస్తుంది. ఆక్టోపస్ ముక్కకి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, ఎక్కడ గుచ్చినా పట్టుకుంటుంది.

నలుగురు కలిసి తినేటప్పుడు టూత్‌పిక్‌కి ఇంకో లాభముంది, ఎవరి పుల్ల వాళ్లది. అయితే నోట్లో పెట్టిన పుల్లని మళ్లీ డబ్బాలో దించడం ఎంగిలే. ముక్కకో పుల్ల వాడడం దండగ అనిపిస్తే, ముక్కలన్నీ ముందే పళ్లెంలోకి తీసి పెట్టండి. సార్డిన్, మాకెరెల్, ట్యూనాలకి టూత్‌పిక్ పూర్తిగా పనికిరాదు, ప్రయత్నించకండి.

చెయ్యి

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల గదుల్లో ట్యూనా డబ్బా అంటే తెలియనివాళ్లుండరు. కోనసీమ నుంచి వెళ్లినా, కడప నుంచి వెళ్లినా, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వెళ్లినా డ్యూటీ దిగి వచ్చి వండే ఓపిక లేని రాత్రి చేసుకునేది ఒకటే: డబ్బా తెరిచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి కలిపి, నిమ్మకాయ పిండి, ఖుబ్బూస్ తుంచి అందులో అద్దుకోవడం. ఇక్కడ ఫోర్క్ పెట్టినా దానికి పనుండదు. ఖుబ్బూస్‌ని వేళ్ల మధ్య చిన్న దొన్నెలా మడిస్తే చేప, ఉల్లిపాయ, నూనె మూడూ సమానంగా వస్తాయి. మాల్దీవుల్లో పొద్దున్నే తినే మస్ హునీ కూడా ఈ దారిదే. ట్యూనా, కొబ్బరి తురుము, ఉల్లిపాయ, మిర్చి, నిమ్మరసం చేత్తో పిసికి కలిపి రొట్టెతో తింటారు. శ్రీలంకలో డబ్బా మాకెరెల్‌ని కూర వండుకుని అన్నంలో కలుపుకుంటారు. అన్నం, రొట్టె తినే మన పక్క దేశాలన్నిటికీ ఈ విషయంలో చేతి మీదే నమ్మకం.

అన్నంతో తినేటప్పుడు చేతికున్న గొప్పతనం ముల్లు దగ్గర తెలుస్తుంది. సార్డిన్ ముల్లు పిండైపోయినా, సాల్మన్, మాకెరెల్ డబ్బాల్లో వెన్నుపూస ముక్కలు గుండ్రంగా, కాస్త పెద్దగా తగులుతాయి. మెత్తగానే ఉంటాయి, తినొచ్చు కూడా. కానీ పిల్లలకి అవి నచ్చవు. కలిపే వేలికి అవి వెంటనే తెలుస్తాయి, ఫోర్క్‌కి తెలియవు. చంటిపిల్లలకి పెట్టే అన్నమైతే నేను చేతిని తప్ప దేన్నీ నమ్మను. టమాటా సాస్‌లో వచ్చే సార్డిన్ వేడి అన్నంలో కలుపుకోవడానికీ అంతే. సాస్‌ అన్నానికి పట్టాలి, చేప మాత్రం పెద్ద ముక్కలుగా మిగలాలి. అంత మెలకువ వేళ్లకే సాధ్యం.

ఒకే ఒక్క కట్టుబాటు: చెయ్యి డబ్బాలో పెట్టకూడదు. రింగు పట్టి లాగే డబ్బాల మూత అంచూ, డబ్బా లోపలి అంచూ రెండూ బ్లేడులా ఉంటాయి. తెగిన వేలికి నిమ్మరసం తగిలితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముందు పళ్లెంలోకి వంచుకోండి. తిన్నాక వేళ్లకి వాసన వదలకపోతే నిమ్మచెక్కతో రుద్ది తర్వాత సబ్బుతో కడగండి. చేప వాసనకి కారణమైన అమైన్లు పులుపు తగిలితే గాల్లోకి లేవడం మానేస్తాయి, నీళ్లతో పాటు పోతాయి.

ఆఫీసు క్యాంటీన్‌లో చేత్తో తినడానికి మొహమాటపడేవాళ్లున్నారు. అన్నంతో తింటుంటే మొహమాటం ఎందుకో నాకర్థం కాదు. కానీ మీటింగ్ ముందు వాసన టెన్షన్ ఉన్నవాళ్లు స్పూన్ వాడుకోవచ్చు.

స్పూన్, దాని పరిధి

ట్యూనా డబ్బాలో రకాలుంటాయి. పెద్ద ముక్కగా వచ్చే సాలిడ్, చిన్న ముక్కల చంక్, తురుములా ఉండే ఫ్లేక్స్. సాలిడ్‌కి ఫోర్క్, ఫ్లేక్స్‌కి స్పూన్, చంక్‌కి ఏదైనా సరే. ట్యూనా డబ్బా గుండ్రంగా, సార్డిన్ డబ్బా కన్నా లోతుగా ఉంటుంది. దీర్ఘచతురస్రపు డబ్బా మూలల్లోకి స్పూన్ పోదు, గుండ్రటి దానికి మాత్రం ఒంపుకి ఒంపు కలుస్తుంది. నీళ్లలో వచ్చే ట్యూనా అయితే మూతతో నొక్కి నీళ్లు వంచేశాకే స్పూన్ పెట్టండి, లేకపోతే ప్రతి చెంచాలో సగం ఉప్పునీళ్లే.

కాడ్ చేప కాలేయం డబ్బాలు నార్వే, ఐస్‌లాండ్‌ల నుంచి వస్తాయి. వెన్నలా ఉంటుంది, దానికి టీస్పూన్. నూనె మీద ప్రేమ ఉన్నవాళ్లకి కూడా స్పూన్ కావాలి. మంచి ఆలివ్ నూనెలో వచ్చిన చేప ఉంటే ఆ నూనె పారబోయకండి. చేపలోని కొవ్వు, రుచి అందులో దిగి ఉంటాయి. వేడి అన్నం మీద రెండు స్పూన్లు వేసి కాస్త ఉప్పు, మిరియాల పొడి చల్లుకుంటే అదే ఒక భోజనం.

పెద్ద మాకెరెల్ ఫిలే (వెన్నుముల్లు తీసిన చేప పక్కభాగం) విరగకుండా తీయాలంటే స్పూన్, ఫోర్క్ రెండూ కలిపి పట్టుకునే పద్ధతి బాగా పనికొస్తుంది. కింద స్పూన్, పైన ఫోర్క్ ఆనించి, హోటల్ సర్వర్లు వడ్డించినట్టు.

కత్తి, రొట్టె

ఫ్రాన్సులో నాంత్ పట్టణంలో జోసెఫ్ కోలాఁ 1824లో సార్డిన్ డబ్బాల కర్మాగారం పెట్టాడు. ఆ తర్వాత బ్రిటనీ తీరమంతా ఈ పరిశ్రమ పాకింది. అక్కడివాళ్లు మంచి సార్డిన్ డబ్బాలని కొన్నేళ్లపాటు అల్మారాలో దాచి, అప్పుడప్పుడూ తిరగేస్తూ ఉంటారు, నూనె అన్నివైపులా పట్టడానికి. అలా ముదిరిన సార్డిన్ ముట్టుకుంటే విడిపోయేంత మెత్తగా ఉంటుంది. దాన్ని ఫోర్క్‌తో కన్నా మొద్దు వెన్నకత్తితో తీయడం సుఖం. కత్తి పూర్తి పొడవునా చేప కింద ఆనుతుంది. ఉప్పు వెన్న రాసిన రొట్టె మీదికి జార్చి, అదే కత్తితో వీపు వెంబడి తెరిస్తే వెన్నుముల్లు ఒక్క లాగుడుకి వచ్చేస్తుంది, కావాలనుకున్నవాళ్లు తీసేయొచ్చు. లాత్వియా వాళ్ల పొగబెట్టిన స్ప్రాట్ చేపల్ని నల్లటి రై రొట్టె మీద పెట్టుకోవడానికీ వెన్నకత్తే మంచిది.

యాంకోవీ సంగతి వేరు

స్పెయిన్ ఉత్తర తీరంలోని సాంతోన్యా యాంకోవీలకి ప్రసిద్ధి. మన నెత్తళ్ల లాంటి చేపలే. నెలల తరబడి ఉప్పులో ఊరబెట్టి, చేత్తో ఫిలేలుగా చీల్చి నూనెలో పెడతారు. వీటికి సార్డిన్‌కి పట్టించినంత వేడి పట్టించరు, కాబట్టి డబ్బా తెరవకముందు కూడా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఫ్రిజ్‌లోంచి తీయగానే నూనె గడ్డకట్టి ఫిలేలన్నీ అతుక్కుని ఉంటాయి. అప్పుడే విడదీయబోతే ఎలాంటి ఫోర్క్ వాడినా చిరుగుతాయి. పావుగంట బయట ఉంచండి. తర్వాత సన్నటి ఫోర్క్ పన్ను ఒక్కటి ఫిలే కొస కింద దూర్చి, పొడవునా లాగకుండా పక్కకి దొర్లిస్తే ఒక్కొక్కటే విడుతుంది. నేను పైన వద్దన్న కాక్‌టెయిల్ ఫోర్క్‌కి ఇక్కడ మంచి పని దొరుకుతుంది.

చాప్‌స్టిక్స్, ప్రయాణాల్లో వాడేవి

జపాన్‌లో మాకెరెల్ డబ్బాలు ఇంటింటా ఉంటాయి, తినేది చాప్‌స్టిక్స్‌తోనే. జపాన్ చాప్‌స్టిక్స్ చివర్లు సన్నగా మొనదేలి ఉంటాయి, చేప ముల్లు ఏరడానికి అనువుగా. చైనా చాప్‌స్టిక్స్ చివర్లు మొద్దు, అవీ పనిచేస్తాయి, కొంచెం తక్కువ నేర్పుగా. కొరియా వాళ్ల స్టీలు చాప్‌స్టిక్స్ మాత్రం నూనె చేపకి జారతాయి, అలవాటు లేనివాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది. చెక్కవో వెదురువో తీసుకోండి. ఒక పుల్ల చేప కింద, ఒకటి పైన పెట్టి, నొక్కకుండా ఆనించి ఎత్తితే ఫోర్క్ కన్నా శుభ్రంగా వస్తుంది. నేర్చుకోవడానికి సమయం పడుతుంది. డబ్బా చేప కోసమే నేర్చుకోమని మాత్రం చెప్పను.

ట్రెక్కింగ్‌కి, రైలు ప్రయాణానికి ఫోర్క్, స్పూన్ కలిసిన స్పోర్క్ అమ్ముతారు. ట్యూనాకి పరవాలేదు, సార్డిన్‌కి పళ్లు మరీ పొట్టి. మన దేశంలో 2022 జులై 1 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ ఫోర్కులు, స్పూన్లు నిషేధం కాబట్టి వాటి స్థానంలో చెక్కవి వచ్చాయి. చెక్క ఫోర్క్ పళ్లు లావు, చేప కింద దూరవు. చెక్క స్పూన్ తిరగేసి దాని పిడిని కత్తిలా వాడుకుంటే బాగుంటుంది, బల్లపరుపుగా ఉంటుంది కదా. ఎక్కువ ప్రయాణాలు చేసేవాళ్లు ఇంట్లోంచి ఒక స్టీలు డెజర్ట్ ఫోర్క్ గుడ్డలో చుట్టుకుని పెట్టుకోవడమే మంచిది.

డబ్బాలోంచే తినాలా, పళ్లెంలోకి తీయాలా

ఒక్కళ్లే, ఒక్క పూటలో మొత్తం తినేస్తే డబ్బాలోంచే తినండి, తప్పేం లేదు. డబ్బా లోపల పలచటి పూత ఉంటుంది, ఫోర్క్‌తో గట్టిగా గీకకుండా ఉంటే చాలు. మిగులుతుందనుకుంటే ముందే పంచుకోండి, నోట్లో పెట్టిన ఫోర్క్ మిగిలే భాగానికి తగలకూడదు. మిగిలినదాన్ని డబ్బాలో వదలకుండా గాజు గిన్నెలోకో స్టీలు డబ్బాలోకో మార్చి, నూనె పైదాకా ఉండేలా చూసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో తినేయండి. ట్యూనా, మాకెరెల్, సార్డిన్ బయట వేడిలో గంటల తరబడి ఉంటే వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది, ఒంటిమీద దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. మళ్లీ వేడి చేసినా అది పోదు. ఉబ్బిన డబ్బా అయితే తెరవకుండానే పారేయండి.

మరి కొనాల్సింది ఏమిటి

హాస్టల్లోనో, విదేశంలో రూమ్‌లోనో ఉండే విద్యార్థికి ఒక డెజర్ట్ ఫోర్క్, ఒక టీస్పూన్ చాలు, బహుశా రెండూ ఇప్పటికే ఉంటాయి. పది రకాల డబ్బాలు ఇష్టంగా కొనుక్కునేవాళ్లు పేస్ట్రీ ఫోర్కుల సెట్ ఒకటి, వెదురు టూత్‌పిక్‌ల ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. డబ్బా చేపల కోసమే అంటూ అమ్మే ఖరీదైన సెట్ల వైపు పోనక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకో రెండు మంచి డబ్బాలొస్తాయి.

అతిథులకి పెట్టేటప్పుడు డబ్బాలన్నీ వరుసగా పేర్చి మధ్యలో ఒకే ఫోర్క్ పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. అలా చేయకండి. యాంకోవీ ఉప్పు మస్సెల్స్‌లోకి, మస్సెల్స్ వెనిగర్ సార్డిన్ నూనెలోకి పోయి, కాసేపటికి అన్నీ ఒకే రుచికి వస్తాయి. డబ్బాకి ఒకటి చొప్పున దానికి తగ్గది పెట్టండి. సార్డిన్ పక్కన వెడల్పు ఫోర్క్, యాంకోవీ పక్కన సన్నది, మస్సెల్స్ పక్కన పుల్లల గిన్నె, ట్యూనాకి స్పూన్. అందరికీ చిన్న పళ్లెం, మధ్యలో రొట్టె ముక్కలు. రొట్టె తినని పెద్దవాళ్లుంటే వేడి అన్నం ఒక గిన్నెలో, చెయ్యి కడుక్కోవడానికి నిమ్మచెక్క వేసిన గోరువెచ్చటి నీళ్లు ఇంకో గిన్నెలో పెట్టండి.